గాజువాకలో ఉద్యోగానికి వెళ్తున్న తమ్ముడికి

నేను న్యూజెర్సీలో పుట్టి పెరిగాను. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. వచ్చే నెల విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో సూపర్‌వైజర్‌గా చేరుతున్నాను. ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? అక్కడివాళ్లతో ఎలా మెలగాలి? కొంచెం టెన్షన్‌గా ఉంది.

—

తమ్ముడూ, ముందు ఇంటి సంగతి చెబుతాను. అందరూ ఎంవీపీ కాలనీ, బీచ్ రోడ్డు చూడమంటారు. నేనైతే గాజువాక, కూర్మన్నపాలెం వైపే ఉండమంటాను. ఊరికి ఆ చివరున్న మధురవాడ నుంచి రోజూ వచ్చావంటే ఎన్ఏడీ జంక్షన్ దాటేసరికే ఓపిక అయిపోతుంది. షిఫ్టు మారే వేళ హైవే అంతా లారీలు, కంపెనీ బస్సులే. అడ్వాన్సు ఇచ్చే ముందు దగ్గర్లో ఏ ఫ్యాక్టరీ ఉందో, రాత్రిళ్లు వాసన వస్తుందో లేదో పక్కింటివాళ్లను అడుగు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై నిద్రలో ఉన్నవాళ్ల ప్రాణాలు పోయాయి. అప్పటినుంచి మావాళ్లు ఇల్లు చూసేటప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతున్నారు.

ఇక మనుషులు. పనికోసం వచ్చినవాళ్లతో పెరిగిన ఊరది. 1933లో పోర్టు తెరిచారు. 1948లో షిప్‌యార్డు నుంచి జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది. తర్వాత రిఫైనరీ, భారీ యంత్రసామగ్రి చేసే బీహెచ్‌పీవీ, జింకు ఫ్యాక్టరీ, స్టీల్ ప్లాంటు వచ్చాయి. ఒక్కొక్కటి మొదలైనప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చి స్థిరపడ్డాయి. ఒడిశావాళ్లూ, బీహార్‌వాళ్లూ ఉన్నారు. కాబట్టి నీ తెలుగు ఎలా ఉన్నా ఎవరూ వింతగా చూడరు. కానీ వయసులో పెద్దవాళ్లను ఉత్త పేరుతో పిలవకు. నీ కింద పనిచేసే ఫిట్టర్ నీ తండ్రి వయసువాడైతే 'అప్పలరాజు గారూ' అను. ప్లేటు ఎటు వంగుతుందో డ్రాయింగు కంటే ముందు ఆయనే చెప్పగలడు.

నాకు మనసులో ఎక్కువగా ఉన్నది కాంట్రాక్టు కార్మికుల సంగతి. పర్మినెంటు ఉద్యోగి పక్కనే నిలబడి అదే వెల్డింగ్ చేస్తారు, చేతికొచ్చే జీతం మాత్రం చాలా తక్కువ. వాళ్లు నోరు తెరిచి అడగరు, అడిగితే రేపు గేటు పాస్ ఉండదేమోనని భయం. బూట్లు, గ్లవ్స్, హెల్మెట్ అందాయా, పీఎఫ్ జమ అవుతోందా అని నువ్వే అడిగి తెలుసుకో. సూపర్‌వైజర్ అడిగితే కాంట్రాక్టర్ జవాబు చెప్పక తప్పదు.

స్టీల్ ప్లాంటు గురించి తేలిగ్గా మాట్లాడకు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ వీధుల్లోకి వచ్చినవాళ్లు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ప్లాంటు కోసం భూములు పోయిన నిర్వాసితుల్లో, వాళ్లకు ఇచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం చూసి చూసి వయసు దాటిపోయినవాళ్లు ఉన్నారు. 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటుపరం చేస్తామన్నాక ఇంటింటా అదే బెంగ. టీకొట్టు దగ్గర ఆ మాట వస్తే సలహా చెప్పకుండా విను.

—

అన్నయ్య చెప్పినవి సరే, నేను కొంచెం కలుపుతాను. మాది ఫిషింగ్ హార్బర్ పక్క. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం, చేపల ధరలు పెరుగుతాయి. ఆ రెండు నెలలూ బోట్ల మీద పనిచేసేవాళ్లు వేరే కూలిపనులు వెతుక్కుంటారు, మీ కంపెనీ గేటు దగ్గరికీ రావచ్చు. సింహాచలం చందనోత్సవానికి, ఆషాఢంలో గిరిప్రదక్షిణకు సెలవు అడిగినవాళ్లను కాదనకు, నువ్వూ ఒకసారి వెళ్లు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక వస్తే మంచినీళ్లు పట్టి ఉంచు, ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు.

నువ్వు దిగే తేదీ రాయి తమ్ముడూ. మా పెదనాన్న కొడుకు కూర్మన్నపాలెంలోనే ఉంటాడు, ఇళ్లు చూపిస్తాడు.