కేటాయింపా, పంపకమా?

ప్రశ్న: సమాంతర డేటాబేస్‌ల (ఒకే క్వెరీని, అంటే డేటాను అడిగే ప్రశ్నను, ఎన్నో ప్రాసెసర్లు పంచుకుని చేసేవాటి) పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. ఏ క్వెరీకి ఎన్ని ప్రాసెసర్లు ఇవ్వాలో తేల్చడాన్ని "ప్రాసెసర్ల కేటాయింపు" అన్నాను. "పంపకం" మేలని ఒకరు సరిదిద్దారు. ఏది ఉంచను?

జవాబు 1: పంపకాన్ని డేటాకు వదిలేయండి. పట్టికను హాష్ చేసి (ఒక కాలమ్ విలువను బట్టి లెక్కవేసి) నాలుగు నోడ్లకు (కంప్యూటర్లకు) వంతులు వేస్తే అది పంపకం. ఒక వంతులో వరుసలు ఎక్కువ పడ్డాయంటే మిగతా మూడు నోడ్లూ పని ముగించి దానికోసం కాచుకుంటాయి. అప్పుడు ప్రాసెసర్లు పెంచి లాభం లేదు, తప్పు పంపకంలో ఉంది. రెండింటికీ ఒకే మాటైతే ఈ తేడా చెప్పలేం.

జవాబు 2: కేటాయింపుతోనూ పేచీయే. కేటాయించారంటే మనకని తీసిపెట్టినట్టు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఎవరికీ ఏదీ తీసిపెట్టరు. క్వెరీని ఎలా నడపాలో తేల్చే ప్లానర్ ఒక లెక్క అనుకుంటుంది: 8 ఎంబీ పట్టికకు 1 వర్కర్ (పనిలో చెయ్యి వేసే అదనపు ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్), ఆపైన పరిమాణం మూడింతలైనప్పుడల్లా ఇంకొకటి. అంటే 24 ఎంబీకి 2, 72కి 3. కానీ ఒక్కో గ్యాదర్‌కు (వర్కర్ల ఫలితాలను ఒకచోట చేర్చే అంచెకు) డిఫాల్ట్ పరిమితి 2 కనుక, సెట్టింగ్ మార్చకపోతే 100 ఎంబీ పట్టికకైనా రెండే. తీరా నడిచే వేళకు, సర్వర్ మొత్తానికి డిఫాల్ట్‌గా ఉన్న 8 వర్కర్లలో ఖాళీగా ఉన్నవే వస్తాయి. ఒక్కటీ లేకున్నా క్వెరీ ఆగదు, లీడర్ (క్వెరీని మొదలుపెట్టిన ప్రాసెస్) ఒక్కటే లాక్కొస్తుంది. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌లో "ప్లాన్డ్ 2, లాంచ్డ్ 0" కనబడితే జరిగింది ఇదే. నేనైతే "అనుకున్నవి", "దక్కినవి" అంటాను.

జవాబు 3: "దక్కినవి" భేష్. ఒరాకిల్ డేటాబేస్‌కు మాత్రం కేటాయింపు నప్పుతుంది. 11జి రెండో విడుదల నుంచి, డిగ్రీ (ఎన్ని పాయలుగా నడపాలన్నది) పాలసీని ఆటోలో పెడితే, కావలసినన్ని ప్రాసెస్‌లు ఖాళీ అయ్యేదాకా క్వెరీని క్యూలో నిలబెడుతుంది. అక్కడ "డిగ్రీ 4"ను నాలుగు ప్రాసెస్‌లని అనువదించకండి. సార్టింగ్ ఉంటే చదివే జట్టు వేరు, పేర్చే జట్టు వేరు, జట్టుకు నాలుగు చొప్పున మొత్తం 8.

జవాబు 2: అసలు "ప్రాసెసర్ల" అన్నదే మార్చాలి. డేటాబేస్ ఇచ్చేది ప్రాసెస్‌ను, కోర్ (ప్రాసెసర్) సంగతి ఆపరేటింగ్ సిస్టం చూసుకుంటుంది. "ఇద్దరు వర్కర్లు" అని రాసి లీడర్‌ను మరవకండి: పోస్ట్‌గ్రెస్‌లో సార్ట్‌కు వర్క్ మెమ్ (పేర్చడానికి వాడుకోగల మెమరీ) డిఫాల్ట్‌గా 4 ఎంబీ, అదీ ప్రతి ప్రాసెస్‌కూ విడివిడిగా కనుక ముగ్గురికీ కలిపి 12 దాకా పోవచ్చు.

ప్రశ్న వేసినవారు: లీడర్‌ను "మేస్త్రీ" అనొచ్చా?

జవాబు 1: అనొచ్చు, తానూ ఒక చెయ్యి వేస్తుంది కదా. వర్కర్ల నుంచి వరుసలు వెల్లువెత్తితే మాత్రం వాటిని అందుకోవడంతోనే సరి, పట్టిక వైపు చూసే తీరిక ఉండదు.