మాగ్నిట్యూడ్: పరిమాణమా, తీవ్రతా?

గ్రూపు పెద్దలకు నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, మీరే తేల్చాలి.

2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర కావస్తుండగా రామంతాపూర్‌లో మా వంటింటి స్టాండు మీద గిన్నెలు గలగలమన్నాయి. పై పోర్షన్ వాళ్లు మంచం జరుపుతున్నారనుకున్నాం. కాసేపటికి టీవీలో స్క్రోలింగ్: ములుగు జిల్లాలో భూకంపం, తీవ్రత 5.3. ఇంటర్ చదివే మా అమ్మాయి వెంటనే పట్టుకుంది. "నాన్నా, మాగ్నిట్యూడ్ అంటే పరిమాణం అని మొన్నే కదా చెప్పావు. వీళ్లు తీవ్రత అంటున్నారేంటి?" అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

నేను తెలుగు మీడియం వాణ్ణి. సదిశ రాశికి పరిమాణం, దిశ రెండూ ఉంటాయనీ, అదిశకు పరిమాణం ఒక్కటే ఉంటుందనీ బట్టీపట్టి పాసయ్యాను. లెక్కల క్లాసుకి వెళ్తే అదే సంగతికి వేరే పేర్లు. మైనస్ 7 నుంచి గుర్తు తీసేస్తే మిగిలే 7 పరమ మూల్యం. సంకీర్ణ సంఖ్యల్లో అయితే మాపం. మూడింటిలోనూ అడుగుతున్నది ఒకటే: సున్నా నుంచి ఎంత దూరంలో ఉన్నావు? ఎటువైపు అన్నది వేరే ప్రశ్న.

అమ్మాయికి ఆటో లెక్క చెప్పాను. ఇంటి దగ్గర ఆటో ఎక్కి మూడు కిలోమీటర్లు తూర్పుకి, అక్కడ మలుపు తిరిగి నాలుగు కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్లావనుకో. మీటరు ఏడు కిలోమీటర్లకి తిరుగుతుంది. బయల్దేరిన చోటు నుంచి దిగిన చోటికి సూటిగా గీత గీస్తే మాత్రం ఐదే. ఏడు దూరం, ఐదు స్థానభ్రంశం పరిమాణం. డబ్బులు ఏడుకే ఇవ్వాలి, సదిశల గురించి డ్రైవర్‌తో వాదించి లాభం లేదు.

ఇంతవరకు గొడవ లేదు. అయితే పరిమాణం అన్న మాట వినగానే బయట జనానికి తట్టేది సైజు. స్కూల్లో ఘనపరిమాణం అని ఇంకొకటి ఉండనే ఉంది. బాణం గుర్తు పొడవుకి పరిమాణం అంటే ఒప్పుకునే మనసు, భూకంపానికి పరిమాణం అంటే తడబడుతుంది. అందుకే పత్రికల వాళ్లు తీవ్రత అన్నారేమో. నాకు మాత్రం అది తప్పుగానే తోస్తోంది. మీరేమంటారు?

రిటైర్డ్ మేష్టారు: పరిమాణం చిన్నాచితకా మాట కాదు నాయనా. మా అనే ధాతువుకి కొలవడం అని అర్థం, మానం, ప్రమాణం, అనుమానం అన్నీ దాని పిల్లలే. మన షడ్దర్శనాల్లో ఒకటైన వైశేషికం వాళ్లు సంఖ్యను ఒక గుణంగా, పరిమాణాన్ని ఇంకో గుణంగా విడిగా పెట్టారు. అణువు, మహత్తు, దీర్ఘం, హ్రస్వం అని పరిమాణాన్ని మళ్లీ నాలుగు రకాలు చేశారు. అటు యూక్లిడ్ కూడా లెక్కపెట్టే సంఖ్యల్నీ, గీతల్లాగా కొలిచే రాశుల్నీ వేరువేరు అధ్యాయాల్లో పెట్టాడు. పరిమాణాన్ని సైజుకి కుదించింది మన వాడుకే, పాపం మాటది తప్పు కాదు.

డెస్కు మనిషి: సార్, రాత్రి పదకొండుకి పేజీ పోవాలి. "రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3గా నమోదైంది" అన్నది మాకు అచ్చుపోసిన వాక్యం. పరిమాణం అని రాస్తే పాఠకుడు భూకంపం ఎంత వెడల్పు అని అడుగుతాడు. పైగా ఆ మాట టైపింగ్‌లో పరిణామం అయి కూర్చుంటుంది. భూకంప పరిణామం 5.3 అని అచ్చయిందనుకోండి, మర్నాడు మా పరిణామం ఏంటి?

జవాబు నాదే: డెస్కు అన్నా, కష్టం అర్థమైంది. కానీ తీవ్రత అన్న మాటకి అక్కడ వేరే పని ఉంది. బోనాల రోజు మహంకాళి గుడి ముందు డప్పు కొడుతుంటే దగ్గర నిలబడ్డవాడికి చెవులు చిల్లులు పడతాయి. రెండు వీధుల అవతల పిల్లాడు హాయిగా నిద్రపోతాడు. దెబ్బ ఒకటే, వినిపించడం చోటుని బట్టి. మాగ్నిట్యూడ్ ఆ దెబ్బ. ఒక భూకంపానికి అది ఒకటే అంకె, ములుగులో అడిగినా ముంబైలో అడిగినా 5.3. చోటుని బట్టి మారేదాన్ని శాస్త్రవేత్తలు మెర్కాలీ స్కేలు మీద రోమన్ అంకెల్లో వేస్తారు. తీవ్రత అంటే అది. కేంద్రం దగ్గర ఎక్కువ, రెండు వందల కిలోమీటర్లు దాటి మా గిన్నెల దాకా వచ్చేసరికి తక్కువ. మీరు తీవ్రతని మొదటిదానికే ఖర్చుపెట్టేస్తే రెండోదానికి మాట ఏది?

ఇంకోటి. రిక్టర్ తన స్కేలుని 1935లో కాలిఫోర్నియా కోసం తయారుచేశాడు. ఇప్పుడు పెద్ద భూకంపాలకి ఎక్కువగా వాడేది మొమెంట్ మాగ్నిట్యూడ్, 1979లో వచ్చింది. అంకె ఒకటి పెరిగితే యంత్రం గీసే ఊపు పదింతలు, విడుదలయ్యే శక్తి దాదాపు ముప్పై రెండింతలు. 1969లో భద్రాచలం దగ్గర వచ్చినదాన్ని 5.7 అంటారు. 5.3కీ 5.7కీ తేడా 0.4 అని తీసిపారేస్తాం కదా, శక్తి లెక్కన అది ఇంచుమించు నాలుగింతలు. రోజూ హబ్సిగూడలో ఎన్‌జీఆర్‌ఐ (భూకంపాలూ అవీ పరిశోధించే జాతీయ సంస్థ) గేటు ముందు నుంచే ఆఫీసుకి వెళ్తాను, ఈ సంగతి నిరుటి దాకా నాకూ తెలియదు.

చుక్కల పిచ్చి: నక్షత్రాల్ని మర్చిపోయారు! అక్కడ మాగ్నిట్యూడ్ తలకిందులు. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ, ఎంసెట్ ర్యాంకులాగా. పాత గ్రీకులు బాగా మెరిసేవి మొదటి తరగతి, కంటికి ఆనీ ఆననివి ఆరో తరగతి అని పెట్టారు. 1856లో పోగ్సన్ అనే ఇంగ్లండు ఖగోళవేత్త దీన్ని లెక్కలో బిగించాడు: ఐదు మెట్లకి సరిగ్గా వంద రెట్లు, అంటే మెట్టుకి సుమారు రెండున్నర రెట్లు. ఆయనే తర్వాత మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి చివరిదాకా ఇక్కడే ఉన్నాడు. మన నిజామియా అబ్జర్వేటరీ బేగంపేటలో ఉన్న రోజుల్లో ఆకాశాన్ని ఫొటోలు తీసి వేసిన పట్టికల్లోనూ ప్రతి చుక్కకీ స్థానం పక్కన ఈ అంకే. ర్యాంకుకి లేని సుఖం ఇక్కడుంది, మైనస్‌లోకి వెళ్లొచ్చు. మృగవ్యాధుడు (అదే సిరియస్) మైనస్ 1.46, పున్నమి చంద్రుడు మైనస్ 12.7. సదిశ పరిమాణం మైనస్ అని రాస్తే మాత్రం సున్నా మార్కులు.

పెళ్లిలో చూపించే అరుంధతి దాదాపు 4. మా తమ్ముడి పెళ్లి కొంపల్లిలో, పగటి ముహూర్తం. పంతులుగారు ఫంక్షన్ హాలు సీలింగ్ వైపు చెయ్యి చూపించి "కనిపించిందా అమ్మా" అన్నారు, వదిన తల ఊపింది. రాత్రే అయినా మన సిటీ లైట్లలో నాలుగో తరగతి చుక్క దొరకడం కష్టమే. నా ఓటు: నక్షత్రాలకి తరగతి.

రిటైర్డ్ మేష్టారు: బాగుంది. మరి ఎన్ని సున్నాల తేడా అని చెప్పే ఆర్డర్ ఆఫ్ మాగ్నిట్యూడ్‌కి? మనకి హస్తిమశకాంతరం ఉంది కదా. నాలుగు టన్నుల ఏనుగుని రెండు మిల్లీగ్రాముల దోమతో భాగించి చూడండి, రెండు వందల కోట్లు వస్తుంది. తొమ్మిది సున్నాల తేడా.

జవాబు నాదే: మేష్టారూ, అది తొమ్మిది సున్నాలకి మాత్రమే పనికొస్తుంది, ఒక్క సున్నాకి పదింతలు అంటే చాలు. నక్షత్రానికి తరగతి నాకూ నచ్చింది. సదిశకి పరిమాణం ఎలాగూ స్థిరపడింది. భూకంపానికి కూడా పరిమాణమే ఉంచి, తీవ్రతని గిన్నెలు గలగలమన్న చోటికి వదిలేద్దాం. అమ్మాయికి ఇదే చెప్పాను. "సరే, పరీక్షలో ఇంగ్లీషులోనే రాస్తాను కదా" అని వెళ్లిపోయింది.

డెస్కు మనిషి: ఈసారి భూకంపం వస్తే పరిమాణం అనే పెడతా సార్. ప్రూఫు మాత్రం మీరే వచ్చి చూడాలి.