తల్లిదండ్రులు వెంట లేకుండా మేనకోడలిని, మేనల్లుడిని దేశీయ విమానంలో తీసుకువెళ్లడానికి ఏ పత్రాలు కావాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మా అన్నయ్య పిల్లలిద్దరినీ విమానంలో మా ఇంటికి తీసుకువెళ్లవలసి ఉంది. మా వదినకు శస్త్రచికిత్స నిశ్చయమైంది, అన్నయ్య ఆస్పత్రిలో ఆమె దగ్గరే ఉండాలి కనుక పిల్లలు మూడు వారాలు నా దగ్గర ఉంటారు. ఆ తరువాత నేనే తిరిగి తీసుకువచ్చి అప్పగిస్తాను. అమ్మాయికి 9 సంవత్సరాలు, బాబుకు 23 నెలలు. ప్రయాణం దేశం లోపలే కాబట్టి పాస్‌పోర్టు, వీసాల ప్రసక్తి లేదు. అయితే నా ఇంటిపేరు వేరు, పిల్లల ఇంటిపేరు వేరు. నేను వారికి మేనత్తనని చెప్పే కాగితం ఏదీ నా దగ్గర లేదు. పిల్లలకు గుర్తింపు పత్రాలు చూపాలా, తల్లిదండ్రుల అనుమతి పత్రం తప్పనిసరా, దానిని నోటరీ చేయించాలా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పండి. ఆస్పత్రి హడావుడిలో ఉన్న అన్నయ్యను ప్రతి చిన్న విషయానికీ ఇబ్బంది పెట్టకుండా, కావలసినవన్నీ ఒకేసారి అడిగి తీసుకోవాలని నా ఉద్దేశం.

మొదటి సమాధానం

మీరు ఏ దేశంలో ఉన్నారో చెప్పలేదు. ఇక్కడ భారతదేశంలోనివారూ అమెరికాలోనివారూ ఉన్నారు కనుక రెండు చోట్ల పద్ధతీ రాస్తున్నాను.

అమెరికాలో దేశీయ ప్రయాణానికి 18 ఏళ్ల లోపు పిల్లలను రవాణా భద్రతా సంస్థ గుర్తింపు పత్రం అడగదు. 2025 మే 7 నుంచి అమలులోకి వచ్చిన రియల్ ఐడీ (సమాఖ్య ప్రభుత్వ ప్రమాణాలకు సరిపడే గుర్తింపు కార్డు) నిబంధన కూడా 18 ఏళ్లు నిండినవారికే వర్తిస్తుంది. అయితే భద్రతా తనిఖీ వేరు, విమాన సంస్థ నియమాలు వేరు. ఒడిలో కూర్చోబెట్టుకునే పసిబిడ్డకు రెండేళ్లు నిండలేదని నిరూపించమని విమాన సంస్థ అడగవచ్చు కనుక జనన ధ్రువపత్రం నకలు దగ్గర ఉండాలి.

భారతదేశంలో విమానాశ్రయ ద్వారం దగ్గరే టికెట్టునూ గుర్తింపు పత్రాన్నీ పోల్చి చూస్తారు. తల్లిదండ్రుల వెంట వచ్చే మైనర్లకు విడిగా గుర్తింపు పత్రం అక్కరలేదని 2017లో పౌర విమానయాన భద్రతా విభాగం వెసులుబాటు ఇచ్చింది. మీరు తల్లి కారు, మేనత్త. ఆ వెసులుబాటు మీకూ వర్తిస్తుందన్న నమ్మకంతో పత్రాలు లేకుండా బయలుదేరవద్దని నా గట్టి సలహా. ఇద్దరికీ ఆధార్, లేదా పాస్‌పోర్టు ఉంటే అది, అసలు ప్రతులే తీసుకువెళ్లండి. టికెట్టు మీద పేరు కార్డు మీద ఉన్న పేరులాగే ఉండేటట్టు, పొట్టిపేర్లు, ముద్దుపేర్లు లేకుండా, కొనేటప్పుడే చూసుకోండి.

ముగ్గురి టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్ (బుకింగు నంబరు) కింద తీసుకోండి. 12 ఏళ్ల లోపు పిల్లలకు, అదే పీఎన్‌ఆర్ మీద ప్రయాణిస్తున్న తల్లిదండ్రులలోనో సంరక్షకులలోనో కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలను ఆదేశించింది. టికెట్లు విడివిడిగా కొంటే ఆ రక్షణ మీకు అందకపోవచ్చు, పైగా మీ మేనకోడలు ఒంటరిగా ప్రయాణిస్తున్న బాలికగా నమోదయ్యే చిక్కు కూడా ఉంది.

రెండవ సమాధానం

పై సమాధానంలోని నియమాలకు నా అనుభవాన్ని జోడిస్తాను. నేను మా అక్క కూతురిని ఇలాగే తీసుకువెళ్లాను. పాపకు అప్పుడు 7 ఏళ్లు. చెక్-ఇన్ కౌంటరులో ఎవరూ ఏమీ అడగలేదు. లోపల భద్రతా తనిఖీ దగ్గర మాత్రం ఒక అధికారిణి మా ఇంటిపేర్లు వేరని గమనించి, నన్ను కాదని నేరుగా పాపను అడిగారు: ఈయన ఎవరు, మీ అమ్మ పేరేమిటి, ఎక్కడికి వెళుతున్నావు అని. పాప బెదిరిపోయి నోరు విప్పలేదు. మా అక్క సంతకం చేసి ఇచ్చిన లేఖ చూపించి, అందులోని నంబరుకు వారి చేతనే ఫోను చేయించాక అయిదు నిమిషాలలో పంపించారు. ఆ అధికారిణి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, పిల్లలను అపహరించేవారు కూడా ఇదే దారిన వెళతారు కదా. ఆ ప్రశ్నలకు పాపను నేను ముందుగా సిద్ధం చేయలేదన్నదే ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. మీ మేనకోడలికి 9 ఏళ్లు కనుక, ఎవరైనా అడిగితే నిజం నిజంగా చెప్పాలని, అడిగినంత మాత్రాన మనం తప్పు చేసినట్టు కాదని నెమ్మదిగా వివరించి తీసుకువెళ్లండి.

ఇంకొక మాట. ఆ లేఖ విమానాశ్రయంలో కంటే దిగిన తరువాతే నాకు ఎక్కువ పనికివచ్చింది. మూడో రోజు పాపకు చెయ్యి విరిగితే, ఎముక సరిచేయడానికి మత్తు ఇవ్వాలి, తల్లిదండ్రుల సమ్మతి కావాలి అన్నారు. ఆ సమయానికి అక్క ఫోను అందలేదు. చికిత్సకు నేను అంగీకారం తెలపవచ్చని లేఖలో ఒక వాక్యం ఉండబట్టి ఆలస్యం కాలేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేము భారతదేశంలోనే ఉన్నాము, అది ముందే రాసి ఉండవలసింది. లేఖలో చికిత్స సంగతి రాయించాలన్న ఆలోచనే నాకు రాలేదు. లేఖ మీద అన్నయ్య సంతకం ఒక్కటి సరిపోతుందా? బాబుకు విడిగా టికెట్టు కొనాలా?

మూడవ సమాధానం

నేను న్యాయవాదిని. లేఖ మీద ఇద్దరి సంతకాలూ ఉండేలా చూడండి. వదినగారి చేత శస్త్రచికిత్సకు ముందే చేయించుకోండి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకునిగా తండ్రిని, ఆయన తరువాత తల్లిని పేర్కొంటుంది. ఆ ‘తరువాత’ అన్న మాటకు తండ్రి మరణించాక అని కాదు, ఆయన అందుబాటులో లేనప్పుడు అని అర్థం చెప్పుకోవాలని సుప్రీంకోర్టు 1999లో తీర్పునిచ్చింది. మేనత్త, మేనమామ, తాత ఎంత దగ్గరివారైనా ఆ జాబితాలో లేరు. విమానాశ్రయంలో సంరక్షకులు అన్న మాటను వదులుగా వాడుతారు, చట్టం అలా వాడదు. ఆ తేడా వల్లనే మీకు కాగితం అవసరం అవుతోంది.

దేశీయ ప్రయాణానికి అనుమతి పత్రాన్ని నోటరీ చేయించి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. వీలైతే చేయించండి, లేఖకు విలువ పెరుగుతుంది. వీలుకాకపోతే, సంతకం చేసిన లేఖకు తల్లిదండ్రుల గుర్తింపు కార్డుల నకళ్లు జతచేస్తే చాలావరకు సరిపోతుంది. లేఖలో పిల్లల పూర్తి పేర్లు, పుట్టిన తేదీలు, మీ పేరు, పిల్లలతో మీ బంధుత్వం, వెళ్లే తేదీ, తిరిగి వచ్చే తేదీ, ఉండబోయే చిరునామా, తల్లిదండ్రుల ఫోను నంబర్లు ఉండాలి. మీ అన్నయ్య ఆస్పత్రిలో ఫోను తీయలేని గంటలు ఉంటాయి కనుక మరొక పెద్దవారి నంబరు కూడా చేర్చండి. చికిత్సకు అంగీకరించే అధికారం మీకు ఇస్తున్నట్టు విడిగా ఒక పేరా రాయించండి. ప్రాణాపాయంలో వైద్యులు సంతకాల కోసం ఆగరు. అంత అత్యవసరం కానిచోటే ఆ పేరా ఉపయోగపడుతుంది. పిల్లలకు పడని మందులు, వాడుతున్న మందులు, టీకాల కార్డు నకలు కూడా దానితోపాటే ఉంచండి.

ఇది చదువుతున్న ఇతరుల కోసం ఒక హెచ్చరిక. తల్లిదండ్రులు విడిపోయి, పిల్లల విషయం కోర్టులో ఉన్నప్పుడు ఒక్కరి మాట మీద బయలుదేరవద్దు. కోర్టు ఉత్తర్వు ఏమి చెబుతుందో చదివాకే టికెట్టు కొనాలి.

మొదటి సమాధానం రాసినవారు

బాబు టికెట్టు గురించి. రెండేళ్ల లోపు బిడ్డ పెద్దవారి ఒడిలో కూర్చోవచ్చు, అయినా బుకింగులో పేరు నమోదు కావాలి. విమాన సంస్థ లెక్కలోకి తీసుకునేది ప్రయాణం నాటి వయస్సునే, టికెట్టు కొన్ననాటి వయస్సును కాదు. ఇప్పుడు 23 నెలలు అంటున్నారు కనుక, వెళ్లేటప్పుడే కాకపోయినా తిరుగు ప్రయాణం నాటికి బాబుకు రెండేళ్లు నిండిపోతాయి. అప్పుడు విడిగా సీటు తప్పదు. చాలామంది రెండు టికెట్లూ పసిబిడ్డ కిందే కొని, తిరిగివచ్చే రోజున కౌంటరు దగ్గర ఆగిపోతారు. పుట్టిన తేదీని రెండు ప్రయాణ తేదీలతోనూ పోల్చి చూసుకుని, ఆ లెక్క ప్రకారం కొనండి. జనన ధ్రువపత్రం నకలు రెండుసార్లూ దగ్గర ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

తేదీలు చూశాను. వెళ్లే రోజుకు బాబుకు రెండేళ్లు నిండడానికి ఇంకా ఆరు రోజులుంటాయి, తిరిగి వచ్చేటప్పుడు నిండి ఉంటాయి. తిరుగు ప్రయాణానికి వాడికి విడిగా సీటు తీసుకుంటున్నాను. లేఖ ముసాయిదా రాసి ఈ రాత్రికే అన్నయ్యకు పంపుతాను, వదిన ఆస్పత్రిలో చేరేలోపు ఇద్దరి సంతకాలూ అయిపోతాయి.