అప్‌డేట్: నాన్నగారి సార్కోమా రిపోర్టులోని డీఎన్‌ఏ అంకె గురించి

నాన్నగారి తొడ కండరంలోని సార్కోమా (కండరాల వంటి మెత్తని కణజాలంలో లేదా ఎముకలో వచ్చే క్యాన్సరు) కణాల్లో డీఎన్‌ఏ పరిమాణం అసాధారణంగా ఉందని రిపోర్టు వచ్చింది, అంటే ఆయుష్షు తక్కువనా అని గత నెలలో అడిగాను. నిన్న రెడ్‌హిల్స్‌లో మరో డాక్టరుగారికి స్లైడ్లన్నీ (కణితి ముక్కను పరీక్షకు పెట్టిన గాజు పలకలు) చూపించాం. ఆయన ఓపికగా కాగితం మీద గీసి మరీ చెప్పారు.

మామూలు కణంలో డీఎన్‌ఏ 46 క్రోమోజోములనే పోగులుగా ఉంటుంది. ఆ డీఎన్‌ఏను 1.0గా తీసుకుని కణితి కణాలను దానితో పోలుస్తారు. రంగు పట్టించిన కణాలను ఒక్కొక్కటిగా లేజరు ముందు నుంచి పంపి, అవి వెదజల్లే వెలుగును బట్టి కొలుస్తారట. నాన్నగారిది 1.6, అంటే మామూలు కణం కన్నా 1.6 రెట్లు. ఇలాంటివి ఎక్కువగా పెద్ద గ్రేడు (కణితి ఎంత ఉధృతమైనదో చెప్పే మెట్టు) కణితుల్లో కనిపిస్తాయి కానీ, ఆ ఒక్క అంకెతో జోస్యం చెప్పకూడదన్నారు. గ్రేడు, పరిమాణం, లోతు, ఊపిరితిత్తులకు పాకిందా లేదా అన్నవే ముందు చూడాలి. సైనోవియల్ సార్కోమా అనే మరో రకంలో డీఎన్‌ఏ మామూలుగా ఉన్నా జబ్బు మొండిగా ఉండవచ్చట! ఇన్నాళ్లూ నేను ఆ అంకెనే పట్టుకుని ఏడ్చాను.

నాన్నగారిది గ్రేడు 2, సైజు 6 సెంటీమీటర్లు. ఛాతీ సీటీ స్కాన్‌లో ఏమీ లేదు, అంటే ఊపిరితిత్తులకు పాకినట్టు కనిపించలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. ముందు రేడియేషన్, తరువాత కాలు నిలిపేలా శస్త్రచికిత్స. సోమవారం మొదలు. స్లైడ్లు మరోచోట చూపించమన్నవారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.