బూబీ పుల్ల తెచ్చిస్తుంది, గూడు మాత్రం కట్టదు. ఎందుకు?

తీరపుగాలి: గలాపగోస్ దీవుల్లోని నీలిపాదాల బూబీలనే సముద్రపక్షుల వీడియోల్లో మగది ఒక్కో కాలూ ఎత్తి చూపిస్తూ అడుగులేస్తుంది. తర్వాత పుల్లో ఈకో తెచ్చి ఆడదాని ముందు పెడుతుంది. తీరా చూస్తే గుడ్లు వట్టి నేల మీద! మరి ఆ పుల్లలు దేనికి? రెండిట్లో మగదేదో ఎలా గుర్తుపట్టాలి?

ఈకలపెట్టె: కళ్లు చూడండి. ఆడదానికి కంటిపాప చుట్టూ నల్లరంగు ఉంటుంది కాబట్టి పాప పెద్దగా కనిపిస్తుంది. మగదానికి పసుపులో చిన్న చుక్కే. గొంతు వినిపిస్తే ఇంకా తేలిక: ఈల వేసేది మగది, బొంగురుగా అరిచేది ఆడది.

పుల్ల గూటి కోసం కాదు, జత కోసం. మగది తోకా రెక్కలూ పైకెత్తి ముక్కు ఆకాశంవైపు నిలిపి ఈల వేస్తుంది. ఆడది కూడా అలాగే నిలబడితే వ్యవహారం కుదురుతున్నట్టే. నేల మీద చిన్న గుంట చాలు. పొదిగే పక్షి అక్కడక్కడే తిరుగుతూ రెట్ట వేయడంతో చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. చాలా పక్షులకుండే, గుడ్లకు వేడి తగిలించే బోడి చర్మం వీటి పొట్ట మీద ఉండదు కాబట్టి వేళ్ల మధ్య పొరతో గుడ్లను కప్పి పొదుగుతాయి. సుమారు 41 రోజులు, ఇద్దరూ వంతులవారీగా.

రెక్కలలెక్క: నా దృష్టిలో పుల్ల కన్నా పాదమే అసలు కబురు. ఆ నీలంలో తిండి నుంచి వచ్చే కెరోటినాయిడ్లనే రంగుపదార్థాల పాత్ర ఉంది. 48 గంటలు తిండి లేకపోతే రంగు మందగిస్తుంది. మొదటి గుడ్డు పెట్టాక పరిశోధకులు మగదాని పాదాలు వెలిసినట్టు చేసి చూస్తే, ఆడది రెండో గుడ్డు చిన్నది పెట్టింది.

బూబీలన్నీ ఇంతే అనుకోకండి. ఎర్రపాదాల బూబీ పుల్లలతో చెట్ల మీద, పొదల మీద నిజంగానే గూడు కడుతుంది. ఫ్రిగేట్ అనే సముద్రపక్షులకైతే పుల్ల బంగారమే, పక్కగూటి నుంచి లాక్కుపోతాయి.

తీరపుగాలి: థాంక్సండీ. ఒక వీడియోలో పెద్ద పిల్ల చిన్నదాన్ని పొడుస్తుంటే తల్లి పక్కనే ఊరికే నిలబడింది. జబ్బు చేసిందా?

ఈకలపెట్టె: జబ్బేం కాదండీ. గుడ్లు కొన్ని రోజుల తేడాతో పెడుతుంది, పొదగడం మాత్రం మొదటి గుడ్డుతోనే మొదలు. అందుకే మొదటి పిల్ల సుమారు నాలుగు రోజులు పెద్దది. చేపలు బాగా దొరికితే రెండూ బతుకుతాయి. కరువొచ్చి పెద్దదాని బరువు ఉండాల్సినదానికన్నా ఐదోవంతు దాకా తగ్గితే పొడవడం పెరుగుతుంది, తల్లిదండ్రులు అడ్డుపడవు. నాజ్కా బూబీలనే మరో జాతిలో కరువుతో పని లేదు: రెండు గుడ్లూ పిల్లలైతే చిన్నది దాదాపు ఎప్పుడూ పోతుంది.

రెక్కలలెక్క: గలాపగోస్‌కి వెళ్తే పక్షులకు రెండు మీటర్ల దూరం తప్పనిసరి నియమం. దగ్గరికెళ్తే పక్షి లేస్తుంది, గుడ్లు నేరుగా ఎండలో పడతాయి.