డాకార్ నుంచి బంజుల్‌కి: ఫెర్రీ ఎక్కాలా, బ్రిడ్జి చుట్టి వెళ్ళాలా?

వచ్చే నెల ఆఫీసు పని మీద గాంబియా వెళ్తున్నాను, పొద్దున్న 6కి సెనెగల్ రాజధాని డాకార్‌లో దిగి సాయంత్రం 7కల్లా రోడ్డు మీద బంజుల్ చేరాలి. దేశం చూస్తే నది వెంబడి సాగదీసిన రిబ్బన్‌లా ఉంది, మూడు వైపులా సెనెగలే, రాజధాని బంజులేమో దక్షిణపు ఒడ్డున నది సముద్రంలో కలిసేచోట. అంటే ఎలా వెళ్ళినా నది దాటాల్సిందే.

ఒకటి, కరాంగ్ సరిహద్దు దాటి బర్రా రేవులో ఫెర్రీ. రెండోది, బాగా లోపల ఫరాఫెన్ని దగ్గర 2019లో తెరిచిన సెనెగాంబియా బ్రిడ్జి, అక్కణ్ణుంచి మళ్ళీ పడమరకి రావాలి.

మ్యాప్ ఫెర్రీయే దగ్గరంటోంది గానీ రేవులో నిరీక్షణ లెక్కే వేయదు. హోటల్‌వాళ్ళు బ్రిడ్జి అంటారు, టాక్సీ అతను ఫెర్రీ అంటాడు (ఇద్దరికీ ఎవరి లెక్క వాళ్ళది), దొరికిన వీడియోలన్నీ బ్రిడ్జి రాకముందువి. ఎల్లో ఫీవర్ టీకా కార్డు, సెనెగల్‌కి సీఎఫ్ఏ ఫ్రాంకులు రెడీ, గాంబియా డబ్బు దలాసీలు అక్కడే మార్చుకుంటాను. నాతో ఒక సూట్‌కేసే.

ఈమధ్య వెళ్ళినవాళ్ళు చెప్పండి: కారు కరాంగ్‌లోనే వదిలేసి, మధ్యాహ్నం బర్రాలో మామూలు ప్రయాణికుడిగా ఫెర్రీ ఎక్కాలంటే ఎంతసేపు ఆగాల్సి వస్తోంది?