అప్‌డేట్: మా వాడి గేమ్ చాట్ సంగతి

"ముక్కూ మొహం తెలియనివాళ్లు మా పదేళ్ల వాడికి గేమ్‌లో మెసేజ్‌లు పెడుతున్నారు, ఎలా ఆపాలి?" అని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు తప్పు నాదే. అకౌంట్ తెరిచేటప్పుడు తొందరలో నా పుట్టిన తేదీ కొట్టేశాను. దాంతో గేమ్ లెక్కలో వాడు పెద్దవాడైపోయాడు, పిల్లలకుండే ఆంక్షలేవీ పడలేదు. ఇప్పుడు పిల్లల అకౌంట్ తెరిచి, నాదానికి కలిపి, పిన్ పెట్టాను. టెక్స్ట్ చాట్ 'ఫ్రెండ్స్‌కి మాత్రమే' చేసి హమ్మయ్య అనుకున్నా. మర్నాడే హెడ్‌సెట్‌లోంచి ఎవరిదో గొంతు! వాయిస్ చాట్ సెట్టింగ్ వేరేగా ఉంది. అదీ మార్చాను.

ఫ్రెండ్ రిక్వెస్ట్‌లకు నా అనుమతి తప్పనిసరి చేయకపోతే ఇదంతా దండగే. లిస్టులో 40 మంది ఉంటే, వాడికి నిజంగా తెలిసినవాళ్లు ఆరుగురు. పక్కపక్కన కూర్చుని మిగతావాళ్లను తీసేశాం. ఒక్క పేరు దగ్గర మాత్రం "ఇతను బాగా ఆడతాడు నాన్నా" అని బతిమాలాడు. ఒప్పుకోలేదు. రెండు రోజులు అలిగాడు.

గేమ్ బయట వేరే యాప్‌లో మాట్లాడుకుంటే ఈ సెట్టింగులు పనిచేయవు. అందుకే కొత్త యాప్ వేయాలన్నా నా అనుమతి అడిగేలా పెట్టాను. పిన్ మాత్రం ఈసారి నా పుట్టినరోజు కాదు లెండి.